చిటారు జనంలో చిల్లర మనుషులు

జ్ఞాపకాలు రాయాలంటే ముందు పెద్దమనిషై ఉండాలట. ఎమ్మెల్యే అయినా అయి ఉండాలి, లేదా ఎమ్మెల్యే చేత దండైనా వేయించుకుని ఉండాలి. నాకు రెండూ లేవు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు, "నువ్వు బడికొస్తే నీకు లాభం లేదు, బడికి నష్టం" అన్నారు. ఒకరికి నష్టం చేయడం మా ఇంటా వంటా లేదు కాబట్టి మానేశాను. ఆ తర్వాత నేను చేసిన వాటిలో చెప్పుకోదగ్గ ఉద్యోగం ఒక్కటే. లేని అడవిలో, లేని చెట్టుకి, రోజూ పొద్దున్నే నిచ్చెన దించేదాన్ని. సాయంత్రం ఎత్తేదాన్ని. తొమ్మిదేళ్ళు చేశాను, నాగాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నవ్వుకోండి. నేనూ జనాన్ని నవ్వించడానికే మొదలుపెట్టాను. కానీ అది చిన్న ఉద్యోగమని ఎవరైనా అంటే మాత్రం ఇప్పటికీ ఊరుకోను.

తొంభైల చివర సంగతి. పలాసలో జీడి షెడ్డు. పులావులో తెల్లగా పడుకున్న పప్పునే మీరు చూసుంటారు. దాని వెనక రెండు రకాల ఆడవాళ్ళుంటారు. ఒకరు పిక్క కొట్టేవాళ్ళు. జీడి నూనెకి వాళ్ళ చేతులు నల్లబడి, తోలు లేచిపోయి, పెళ్ళికెళ్ళినా కొంగు కింద దాచుకోవలసి వస్తుంది. రెండోవాళ్ళు పొట్టు తీసేవాళ్ళు. నేను ఈ రెండో రకం. పొడుగాటి హాల్లో ముప్పై మందిమి వరసల్లో కూర్చుంటాం. ఎదురుగా పళ్ళెం, చేతిలో చిన్న చాకు. వేడి గదిలోంచి వచ్చిన పప్పు మీద ఎర్రటి పొట్టు ఉంటుంది. పప్పు విరక్కుండా అది తీయాలి. ఫ్యాను ఉంటుంది గానీ వేయరు, వేస్తే పొట్టు ఎగురుతుందని. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ ఉక్కలో, ఆ వేడి పప్పు వాసనలో ఎవరికైనా నిద్దరొస్తుంది. నిద్దరొస్తే చాకు జారుతుంది. చాకు జారితే వేలు తెగుతుంది. వేలు తెగితే సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి వేలు చూడడు, పప్పు మీద రక్తం పడిందేమో చూస్తాడు.

ఆ నిద్దరకి మందుగా పుట్టిందే చిటారు జనం.

కథ పెద్దమ్మది. పెద్దమ్మంటే షెడ్డుకంతటికీ పెద్దమ్మ. బారువ వైపు మనిషి, అరవై దాటినావిడ, షెడ్డుకి తాటాకు కప్పున్న కాలం నుంచీ అక్కడే పొట్టు తీస్తోంది. కొండల వెనక గుగ్గిలం చెట్ల చిటారు కొమ్మల్లో ఒక జనం ఉండేవారట. అక్కడే పుడతారు, అక్కడే వండుకుంటారు, అక్కడే పోతారు. నేల మీద కాలు పెడితే వాళ్ళకి అబద్ధమాడే గుణం వస్తుంది, అందుకని తప్పనిసరైతే తప్ప దిగరు. వాళ్ళకో రాజు, రాణి, ముగ్గురు కొడుకులు. వాళ్ళ చెట్ల కోసం గొడ్డళ్ళు పట్టుకుని కాచుకున్న గొడ్డలి జనం ఒకరు. ఆ రాజు తాత కథ, ముత్తాత కథ, గొడ్డలి జనంతో మొదటి తగువు, రెండో తగువు, ఇలా పెద్దమ్మ ఎన్నేళ్ళుగానో చెబుతూనే ఉంది. అయినా నిద్ర ఆగలేదట. రాజుల కథ మాంఛి జోలపాట కదా. అప్పుడు పెద్దమ్మ ఒక ఉపాయం పన్నింది. కథలో ఉన్న చిల్లర మనుషుల్ని తలా ఒకర్ని పంచిపెట్టింది. దీపాల్లో నూనె పోసేది ఒకరికి, వంటామె ఒకరికి, ఎక్కిళ్ళ కాపలావాడు ఒకరికి, రాజుగారి గడ్డం దువ్వేవాడు ఒకరికి. దాన్ని 'సాకడం' అనేవాళ్ళం. కథ చెబుతూ చెబుతూ పెద్దమ్మ చటుక్కున ఆగి, "ఒలే, నీ మనిసి ఏటి సేత్తన్నాడు?" అని అడుగుతుంది. వెంటనే చెప్పాలి. ఎప్పుడు అడుగుతుందో తెలీదు, ఇంకెక్కడి నిద్ర.

దీనికి కట్టుబాట్లున్నాయి. ఎవరి మనిషి సంగతి వాళ్ళే చెప్పాలి. ఒకరి మనిషిని ఇంకొకరు చంపకూడదు, పెళ్ళి చేయకూడదు, తిట్టవచ్చు. పనికి రాని రోజు ఆవిడ మనిషి కొమ్మ మీద పడుకుని ఉంటాడు, కథ వాణ్ణి లేపదు. రాజుని, రాణిని, కొడుకుల్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వాళ్ళు అందరివాళ్ళట. అంటే ఎవరివాళ్ళూ కాదని నా లెక్క.

నేను చేరిన రోజు పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకేటి వచ్చునే గుంటా?"

"నోరాడించడం వచ్చు పెద్దమ్మా."

"అయితే నిచ్చెన మనిసిని నువ్వు సాకు. మీదోలితోనీ కిందోలితోనీ ఇద్దరితోనీ మాటాడాల."

నా మనిషి సగం నిచ్చెన దిగుతుంది, కాబట్టి సగం అబద్ధం ఆడవచ్చునని నేనే రెండో రోజున ప్రకటించుకున్నాను. పెద్దమ్మ ఒప్పుకుంది. అక్కణ్ణుంచి నాకు పట్టపగ్గాల్లేవు. రాజుగారు దిగాలంటే ముందు నాకు తమలపాకులు పంపాలి. చిన్న కొడుకు దొంగచాటుగా దిగితే ఎక్కడికెళ్ళాడో రాణికి సగమే చెబుతాను. హాలంతా నవ్వుతూ పని చేసేది, పప్పు విరక్కుండా గుళ్ళు గుళ్ళుగా దిగేది. సూపర్‌వైజరుకి కారణం తెలీదు గానీ, మా వరస జోలికి రావడం మానేశాడు.

నా పక్కన కూర్చునేది అక్కుపల్లి వొదిన. నాకు అన్న లేడు, అయినా ఆవిడ నాకు వొదినే. మొదటి వారం నా వేలు తెగితే తన కొంగు అంచు చింపి కట్టింది, అప్పుడు నోటికొచ్చిన పిలుపు అలాగే ఉండిపోయింది. సముద్రం మీద బతికే ఇంటి కోడలు. రోజూ మొదటి బస్సుకి వచ్చేది. మొగుడు గుజరాత్ బోట్లకి వెళ్ళాడు. మా వైపు గంగపుత్రులు చాలామంది అలాగే వెళతారు, వానల చివర వెళ్ళి ఎండాకాలం వేట ఆపేసినప్పుడు తిరిగొస్తారు. వొదిన మొగుడు రెండు ఎండాకాలాలు రాలేదు. ఊళ్ళో ఎస్టీడీ బూతుకి వచ్చే ఫోను కూడా ఆగిపోయింది. సెల్‌ఫోన్లు అప్పటికి షావుకార్ల చేతుల్లో మాత్రమే ఉండేవి. బోటు మునిగిందని ఒకరు, కాదు బోటు మారాడని ఒకరు అన్నారు. తనతో వెళ్ళినవాళ్ళు మాకు తెలీదంటే తెలీదన్నారు.

వొదిన సాకేది కబురు మనిషిని. గొడ్డలి జనం మీద సాయానికి రమ్మని ఉప్పు జనానికి, అంటే సముద్రం ఒడ్డు వాళ్ళకి, రాజు పంపిన కబురు పట్టుకుని వెళ్ళినవాడు. వాణ్ణి అడిగితే వొదిన జవాబు ఎప్పుడూ ఒక్క ముక్కే.

"నడుస్తన్నాడు."

ఇంకో రోజు, "ఏరు దాటినాడు." ఇంకో రోజు, "కాలికి ముల్లు గుచ్చుకుంది, కూకున్నాడు."

రెండేళ్ళుగా అతను నడుస్తూనే ఉన్నాడు. కుంటుతాడు గానీ చేరడు, చేరడు గానీ చావడు. ఎందుకో మాకందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. పెద్దమ్మ కూడా ఆ యుద్ధాన్ని ముందుకి జరపకుండా రాజుకి జ్వరం తెప్పించి, మూఢం తెప్పించి, ఏవేవో చేసి ఆపి పెట్టింది.

అలాంటి సమయంలో వచ్చారు టెక్కలి మాస్టారు. రిటైరైన తెలుగు మాస్టారు. మా యజమానికి చుట్టం, పప్పు కొనుక్కోవడానికి వచ్చి, హాల్లోంచి కథ వినబడి గుమ్మంలో నిలబడిపోయారు. మరుసటి గురువారం టేప్‌రికార్డరు, నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత ప్రతి గురువారం. మంచివారే. మమ్మల్ని 'అమ్మా' అని పిలిచేవారు, కింద పొట్టులోనే కూర్చునేవారు, లేచేటప్పుడు పంచె వెనక ఎర్రగా అంటుకుని ఉండేది. "ఇది అడవి మనుషుల మహాగాథ. మీకు తెలీదు, మీరు ఏం చేస్తున్నారో" అనేవారు. మాకు తెలుసు, మేము పొట్టు తీస్తున్నాం. జిల్లాలో వచ్చే ఒక చిన్న మాసపత్రికలో కథని ముక్కలు ముక్కలుగా వేయించడం మొదలుపెట్టారు. మొదటి ముక్క వచ్చిన రోజు హాల్లో ఆ కాగితం చేతులు మారి మారి జీడిపప్పు కంటే మెత్తబడింది.

ఒక గురువారం వొదిన రాలేదు. అత్తవారు ఏదో మాట్లాడాలని ఉండమన్నారట. మాస్టారు నోటుబుక్కు తిరగేస్తూ అడిగారు.

"ఆ కబురు మనిషి ఏమయ్యాడమ్మా? రెండేళ్ళు దారిలోనే ఉంటే కథ కదలదు. పాఠకుడు అడుగుతాడు."

సాకే మనిషి రాలేదు కాబట్టి వాడు కొమ్మ మీద పడుకుని ఉన్నాడు, అంతే కదా జవాబు. కానీ చదువుకున్న మనిషి కింద కూర్చుని నా వైపు చూస్తున్నాడు. టేపు తిరుగుతోంది. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది?

"ఇంకెక్కడి కబురు మనిషి మాస్టారూ. ఏ మొసలి నోట్లోనో పడుంటాడు. చొక్కా మాత్రం ఏట్లో తేలతా వత్తంది, కబురు జేబులోనే ఉన్నాది."

మాస్టారు పకపకా నవ్వారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. చాకు పళ్ళెంలో పెట్టి, "ఇంక ఈయేల్టికి సాలు" అని కొంగు దులుపుకుని లేచింది. అప్పటికైనా నాకు తెలిసి ఉండాలి. తెలీలేదు. నా హాస్యం మీద నాకే ముద్దొచ్చి, ఆ సాయంత్రం ఇంటికెళ్ళే దారి పొడుగునా అదే తలుచుకుని నవ్వుకున్నాను.

తర్వాతి నెల పత్రికలో ఆ చావు అచ్చయింది. మాస్టారు దానికి మెరుగులు దిద్దారు. మొసలికి ఒక పేరా, చొక్కాకి రెండు పేరాలు. చదివితే ఎవరికైనా ఏడుపొస్తుంది, అంత బాగా చంపారు.

ఆ పత్రిక అక్కుపల్లి చేరింది. వొదిన మరిది పదో తరగతి పాసైనవాడు. వలలు బాగుచేసుకునే చోట అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాడు. వొదిన రోజూ ఇంటికెళ్ళి అత్తగారింట్లో పిల్లలకి ఈ కథే చెప్పేది, కాబట్టి కబురు మనిషి ఎవరి సాకుడో ఊరందరికీ తెలుసు. మరిది అన్నాడట: "సూసినారా, మా వొదినే ఒప్పీసుకుంది. నోటితో సెప్పలేక కతలో సెప్పింది. మా అన్న నేడు." వాడికి అన్న లేకపోవడం అవసరం. అన్న పేరు మీదున్న ఇల్లు, ఇంటి చుట్టూ కొబ్బరి మొక్కలు, అన్నీ వాడికి ఎదురుగా కనిపిస్తున్నాయి. గడ్డిబొమ్మ చేసి అన్న పేరున కాల్చి, కర్మ చేసి, వొదిన చేతి గాజులూ నుదుటి బొట్టూ తీయించడానికి రోజు కూడా పెట్టేశారు. అది అయిపోతే వొదిన పుట్టింటికి. పుట్టింట్లో ఎవరూ లేరు.

రెండు రోజుల తర్వాత వొదిన షెడ్డుకి వచ్చింది. ఎప్పటిలాగే నా పక్కనే కూర్చుంది. పళ్ళెం లాక్కుంది. పెద్దమ్మ కథ మొదలుపెట్టి, వరసలో ఒక్కొక్కరినీ అడుగుతూ వొదిన దగ్గరకొచ్చింది.

"నీ మనిసి ఏటి సేత్తన్నాడమ్మా?"

వొదిన తల ఎత్తలేదు. "నన్నడుగుతావేటి పెద్దమ్మా. సెప్పినోలు ఉన్నారు కదా, ఆళ్ళనడుగు."

హాలంతా నా వైపు చూసింది. మాట రాని రోజు నా బతుకులో అదే మొదటిది. ఏదో ఒకటి అనాలి కదాని, "వొదినా, నాను సరదాకి..." అన్నాను.

"సరదాకే నానూ అంతన్నాను" అంది వొదిన. "మంగళారం నా గాజులు తీత్తారు. సరదాగా వచ్చి సూడు."

మధ్యాహ్నం అన్నం దగ్గర పెద్దమ్మ నా పక్కన కూలబడింది. తిట్టలేదు, అదే నాకు భయమేసింది. "నువ్వు సంపినోడిని నువ్వే బతికించాల. రేపు టెక్కలి పోదాం" అంది.

వెళ్ళాం. మాస్టారు ఇంటి అరుగు మీద పేపరు చదువుతున్నారు. సంతోషంగా కుర్చీలు వేయించారు. మేము కూర్చోలేదు. నేను చేసిన తప్పు చెప్పాను, అక్కుపల్లిలో జరగబోయేది చెప్పాను. మాస్టారు ముఖం చిన్నబోయింది, నిజంగానే. కానీ కొంచెం సేపట్లో మాస్టారు మాస్టారైపోయారు.

"పాపం, నాకు తెలీదమ్మా. కానీ అచ్చైపోయిన దాన్ని ఏం చేయగలం? పైగా కథలో అది బాగా కుదిరింది. చిన్న పాత్ర. యుద్ధం మొదలవ్వాలంటే ఒక చావు కావాలి."

"అయితే రాజుని సంపండి మాస్టారూ" అన్నాను. "రాజుని సాకీవోలు ఎవులూ నేరు. అడిగీవోలుండరు."

"రాజుని చంపితే కథేముందమ్మా?"

"మా కథ మాకుంటాది."

పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది. "బాబూ, నువ్వు గురువారం రా. అందరినీ అడిగి రాసుకో. నానేటీ అన్ను."

గురువారం వచ్చారు. టేపు పెట్టారు. నోటుబుక్కు తెరిచారు. పెద్దమ్మ చాలా మర్యాదగా కథ ఎత్తుకుంది. తెల్లారింది, రాజుగారు లేచారు, యుద్ధానికి బయల్దేరుతున్నారు, అంది. అని వంటామెని సాకే ఆవిడ వైపు చూసింది.

"నా మనిసి పొయ్యి ఎలిగించనేదు పెద్దమ్మా" అంది ఆవిడ.

దీపాల మనిషి: "నా మనిసి నూనె పొయ్యనంతంది."

గడ్డం దువ్వేవాడు: "దువ్వెన ఏట్లో ఇసిరీసినాడు."

ఎక్కిళ్ళ కాపలావాణ్ణి సాకే ఆవిడ ఎప్పుడూ వాడి ఎక్కిళ్ళు కూడా చేసి చూపించేది. ఆ రోజు ఎక్కిళ్ళు లేకుండా, ముక్కుసూటిగా, "నావోడు కాపలా మానీసినాడు. గొడ్డలోలు వత్తే రానీ" అంది.

ఇలా ఒక్కొక్కరే. ముప్పై మంది. టేపు తిరుగుతూనే ఉంది. నా వంతు వచ్చింది.

"నా మనిసి నిచ్చెన దించదు" అన్నాను. "రాజుగారు సెట్టు మీదే కూకుని యుద్దం సేసుకోమను."

మాస్టారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. ఇంత పెద్ద రాజ్యం, ఏడు తరాల రాజులు, మూడు యుద్ధాలు, అంతా ఆ పొట్టులో చతికిలబడిపోయింది. కదిలించేవాళ్ళు లేరు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం చేయమంటారు?" అన్నారు. అంతకు ముందు ఎవరైనా ఆయన చేత అలా అడిగించారో లేదో నాకు తెలీదు.

చేయవలసింది నాకే తెలుసు, నాకే కష్టం. అందరి ముందూ నేను చెప్పాను, ఆయన రాసుకున్నారు. కబురు మనిషి చచ్చాడని చెప్పింది నిచ్చెన మనిషి. అది నిచ్చెన సగం దిగి నిలబడి ఆడిన అబద్ధం. అతని సంగతి చెప్పే అధికారం దానికి లేదు. ఆ తప్పుకి దాన్ని చిటారు జనం ఏడు రోజులు కింది కొమ్మ మీద కూర్చోబెట్టారు. ఈ చివరిది పెద్దమ్మ చేర్చింది. ఏడు రోజులూ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, మధ్యలో వచ్చిన మంగళవారం ఒక్కటి తప్ప నా నోరు మూతబడే ఉంది. మా ఇంట్లో జ్వరమనుకున్నారు.

పత్రిక వచ్చే నెలకి గానీ రాదు, మంగళవారం దగ్గర పడింది. మాస్టారు తన చేతి రాతతో అదంతా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. మంగళవారం షెడ్డులో మా వరసలన్నీ దాదాపు ఖాళీ. ఇరవై మంది పైగా బస్సెక్కాం. సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి, "ఇంతమందికీ ఒకేసారి కడుపునొప్పేటి?" అన్నాడు. "అవునండి, ఒకే కుండలో తిన్నాం" అన్నాను.

అక్కుపల్లిలో బోట్లు లాగి పెట్టే చోట ఊరి పెద్దలు కూర్చున్నారు. పక్కనే గడ్డిబొమ్మ, దానికి వొదిన మొగుడి పాత లుంగీ చుట్టి ఉంది. వొదిన కొంచెం దూరంలో నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, గాజులు రెండు చంకల్లోనూ దాచుకుని. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు.

నేను ఆ కాగితం తీసి చదివాను. ఏడో తరగతి చదువు, మాస్టారి గొలుసుకట్టు రాత, సముద్రపు గాలి. నాలుగు చోట్ల తడబడి, రెండు చోట్ల కూడబలుక్కుని పూర్తి చేశాను. మరిది లేచాడు.

"కతలో మాట మాకెందుకు? మీ అడివోలు బతికితే ఏటి, సత్తే ఏటి?"

"అదేటి బాబూ" అన్నాను. "మొన్న సచ్చినప్పుడు అది సాచ్చికం, ఈవేళ బతికినప్పుడు కతా? నువ్వు పదో తరగతి పాసైనావు, నాకు కొంచెం వివరంగా సెప్పు, నాను ఏడే."

కూర్చున్న వాళ్ళల్లో ఎవరో ముసలాయన గట్టిగా నవ్వేశాడు. నవ్వితే పెద్దరికం సగం పోతుంది, అది నాకు షెడ్డు నేర్పిన విద్య. మరిది ముఖం మాడిపోయింది. అయినా పెద్దాయన, అసలైనవాడు, నవ్వలేదు. వొదిన వైపు తిరిగి, "కతలు ఒగ్గీయమ్మా. నువ్వేటంతావు? ఉన్నాడా నేడా?" అని అడిగాడు.

"నాకు తెల్దు మావా" అంది వొదిన. "మీకూ తెల్దు. తెలిసిన రోజు నానే వచ్చి సెప్తాను. అందాకా నా సెయ్యి ఎవులూ పట్టుకోకండి."

గొంతు పెంచలేదు. కానీ చంకల్లోంచి చేతులు తీసి కిందకి వదిలేసింది, గాజులు కనబడేలాగ. పెద్దాయన, ఎండాకాలం గుజరాత్ బోట్లవాళ్ళు తిరిగి వచ్చేవరకూ ఆగుదాం అన్నాడు. మరిది గడ్డిబొమ్మ నడుం పట్టుకుని ఈడ్చుకుపోయాడు. లుంగీ ఊడి ఇసకలో పడితే వొదిన వెళ్ళి తీసుకుని దులిపి మడత పెట్టింది.

బోట్లవాళ్ళు ఎండాకాలం తిరిగొచ్చారు. వొదిన మొగుడు రాలేదు. వొదిన ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి అడిగింది. నాలుగో ఇంట్లో ఒక కుర్రాడు ఆవిడ ముఖం చూసి అబద్ధమాడలేకపోయాడు. మనిషి బతికే ఉన్నాడు. అక్కడ ఒక రేవులో వేరే ఆవిడతో ఇల్లు పెట్టాడు. ఒక పిల్ల కూడా. ఇంట్లో చెప్పొద్దని వీళ్ళందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

ఈ మాట మాకు పలాసలో ఆవిడ వచ్చేలోపే తెలిసింది, మాటలు బస్సు కంటే ముందు వస్తాయి. మర్నాడు గురువారం. మాస్టారు కింద కూర్చుని ఉన్నారు. వొదిన వచ్చి నా పక్కన కూర్చుంది. బొట్టు ఉంది. గాజులు ఉన్నాయి. పెద్దమ్మ కథ చెబుతూ, ఒక్కొక్కరినీ అడుగుతూ, నన్ను అడిగి, వొదినని దాటేసి అవతలి ఆవిడని అడిగింది.

"నన్ను దాటీసినావేటి పెద్దమ్మా" అంది వొదిన.

పెద్దమ్మ చాకు ఆగింది. "సెప్పమ్మా. నీ మనిసి ఏటి సేత్తన్నాడు?"

వొదిన చేతిలో పప్పు పొట్టు తీయడం ఆపకుండా చెప్పింది. ఇన్నాళ్ళలో అంత పొడుగు జవాబు ఆవిడ నుంచి మేము వినలేదు.

"ఉప్పు జనం ఊరు సేరిపోయాడు. సేరి శానా నాళ్ళయింది. కబురు ఇవ్వనేదు, జేబులోనే ఉండిపోనాది. అక్కడ సేపలు ఎండబెడతన్నాడు. ఇంకో ఇల్లు కట్టుకున్నాడు. మొసలి నేదు, ముల్లు నేదు, ఏరు నేదు. నాను సెప్పినవన్నీ నాను సెప్పుకున్నవే."

ఎవరూ అయ్యో అనలేదు. అంటే ఆవిడ క్షమించదని అందరికీ తెలుసు. నా నోట్లో నాలుగు మాటలు తిరిగాయి, నాలుగూ మింగేశాను.

"మరి సాయం ఎవులు తెత్తారు?" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "గొడ్డలోలు వత్తన్నారు."

"కబురు నాకు కంఠతా వచ్చును. రేపు ఇంకోలిని పంపు. ఆడది అయినా పరవానేదు."

"మీవోడు?"

"అక్కడే ఉండనీ. సంపకండి. తిట్టకండి కూడాను. ఆడు సచ్చిపోనాడని సెప్పి ఎవులూ నా ఇంట్లో అడుగెట్టకూడదు, అంతే. సాయంత్రం పెద్దమావ దగ్గరకెళ్ళి ఇదే సెప్తాను. ఆడు బతికున్నాడు, ఇల్లు నాది."

మాస్టారు గబగబా రాసుకుంటున్నారు. వొదిన చాకు కింద పెట్టి ఆయన వైపు తిరిగింది.

"ఏటి రాసినారు బాబూ? సదవండి."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఉప్పు జనం ఊరు, చేపలు, ఇంకో ఇల్లు, జేబులో కబురు, అన్నీ ఉన్నాయి. ఆయన మెరుగులు ఈసారి తక్కువే. చివర ఒక వాక్యం దగ్గర గొంతు కొంచెం తగ్గించి చదివారు: "చిటారు జనం ఎదురుచూస్తూనే ఉన్నారు, అతను తిరిగి రాలేదు."

"అది కొట్టీండి" అంది వొదిన.

"ఎందుకమ్మా? రాలేదు కదా."

"రానక్కర్నేదు అని రాయండి."

మాస్టారు ఆవిడ ముఖం చూశారు. తర్వాత పెద్దమ్మ వైపు, నా వైపు చూశారు. మేము ఎవరమూ సాయానికి రాలేదు. ఆయన గీత గీసి, పైన కొత్త మాట రాశారు. వొదినకి చదవడం రాదు. అయినా నోటుబుక్కు తన వైపు తిప్పించుకుని, కొట్టేసింది నిజంగా కొట్టేశారో లేదో వేలితో తడిమి చూసుకుంది. సిరా వేలికి అంటింది. కొంగుకి తుడుచుకుని పళ్ళెం దగ్గరకి లాక్కుంది.